కూర్చునే కుర్చీకి డబ్బు మనదే, మొహం మాత్రం వాళ్లదా?

నేను అమెరికా నుంచి తిరిగొచ్చేసిన ఏడాది మా అక్క పెళ్లి జరిగింది. పెళ్లయిన ఆరు నెలలకి నరసరావుపేటలో, బస్టాండుకి పోయే దారిలో ఉన్న ఒక ఫోటో స్టూడియో మీద పెద్ద ఫ్లెక్సీ కట్టారు. దాన్నిండా మా అక్కే. నుదుట బాసికం, వంచిన తల, కాస్త చెదిరిన కాటుక. పక్కన బావ భుజం వరకే కనిపిస్తాడు, మిగతాది కత్తిరించేశారు. కింద ఎర్రటి అక్షరాల్లో స్టూడియో పేరు, ఫోన్ నంబరు.

అక్క నేరుగా వెళ్లి అడిగింది. "బాగుందనేగా అమ్మా పెట్టింది! బిల్లు వెనకాల రాసే ఉంది, చూసుకోండి" అన్నాడు స్టూడియో ఆయన. ఇంటికొచ్చి బీరువాలోంచి ఆ బిల్లు తీశాం. వెనకవైపు, చీమ తలకాయంత అక్షరాల్లో, నాలుగో లైను: తీసిన ఫోటోలు ప్రచారానికి వాడుకొను హక్కు స్టూడియోకు కలదు. కింద సంతకం మా నాన్నది, అడ్వాన్సు ఇచ్చిన రోజు పెట్టింది. అక్క చాలాసేపు ఆ కాగితం వంకే చూసింది. "డబ్బులిచ్చింది మనం. మొహం నాది. మధ్యలో వీడిదేంటి?" అంది.

ఆ మాట వినగానే నాకు లాస్‌ఏంజెలెస్ కోర్టులో నడిచిన ఒక కేసు గుర్తొచ్చింది. పేకాటగాళ్ల కేసు. నవ్వొచ్చే పోలికలా అనిపించొచ్చు కానీ, అక్క అడిగిన ప్రశ్ననే ఏడుగురు ప్రపంచ స్థాయి పోకర్ ఆటగాళ్లు పెద్ద లాయర్లని పెట్టుకుని అడిగారు. ఆ కేసు గురించి తెలుగులో ఒకసారి వివరంగా రాయాలని చాలా ఏళ్లుగా అనుకుంటున్నాను.

2005లో నేను న్యూజెర్సీలో ఎడిసన్‌లో ఉండేవాడిని. నలుగురం ఒకే అపార్ట్‌మెంట్. బుధవారం రాత్రి ట్రావెల్ ఛానల్‌లో వరల్డ్ పోకర్ టూర్ అని, పోకర్ టోర్నమెంట్లు చూపించే షో వచ్చేది. మాలో ఎవరికీ అంతకుముందు పోకర్ రాదు, రమ్మీ తెలుసు అంతే. అయినా అన్నం కంచాలు పట్టుకుని టీవీ ముందు కూర్చునేవాళ్లం. ఎందుకంటే ఆ షో మనకి ఆటగాడి చేతిలోని మూసిన ముక్కలు చూపించేది. అవతలివాడి దగ్గర ఆసుల జత ఉందని మనకి తెలుసు, వీడికి తెలీదు. వీడి దగ్గర ఏమీ లేదు, అయినా చిప్స్, అంటే పందెం బిళ్లలు, అన్నీ ముందుకి తోసేశాడు. ఇప్పుడు కెమెరా వీడి మొహం మీదకి వస్తుంది. మెడ మీద నరం కొట్టుకోవడం, చిప్స్ మీద వేళ్లు ఆడటం, కళ్లజోడు వెనక ఏం జరుగుతోందో తెలీకపోవడం. మా టెన్షన్ అంతా ఆ మొహంలోనే ఉండేది.

ఆ మూసిన ముక్కలు చూపించే కెమెరా వెనక పెద్ద కథే ఉంది. హెన్రీ ఓరెన్‌స్టీన్ అని, పోలండ్‌లో పుట్టి, నాజీ క్యాంపుల్లోంచి ప్రాణాలతో బయటపడి, అమెరికా వెళ్లి బొమ్మల వ్యాపారంలో పేరు తెచ్చుకున్నాయన, దాని మీద 1995లో పేటెంట్ తీసుకున్నాడు. బ్రిటన్‌లో 1999లో ఒక టీవీ షో బల్ల కింద కెమెరాలు పెట్టి ముక్కలు చూపించింది. అంతకుముందు టీవీలో పోకర్ చూడటమంటే, కొంతమంది మనుషులు బల్ల చుట్టూ కూర్చుని ఏదో ఆలోచించుకుంటుంటే మనం బయటి నుంచి చూడటమే. వరల్డ్ పోకర్ టూర్ 2002లో మొదలై, 2003 మార్చిలో టీవీకెక్కి, దాన్ని ఇంటింటి వినోదం చేసింది. 2004 ఆగస్టులో ఆ కంపెనీ షేర్లు నాస్‌డాక్‌లోకి వచ్చాయి.

ఇక్కడ డబ్బు లెక్క కొంచెం నిదానంగా చూడాలి, నా వాదనంతా దాని మీదే నిలబడి ఉంది.

సినిమాలో నటుడికి నిర్మాత డబ్బిస్తాడు. క్రికెటర్‌కి బోర్డు ఇస్తుంది. పోకర్ టోర్నమెంట్‌లో అలా కాదు. ఆటగాడే ఎంట్రీ కట్టి కూర్చోవాలి. ఆ రోజుల్లో ఆ టూర్‌లో పెద్ద టోర్నమెంట్ అంటే మామూలుగా 10,000 డాలర్లు, లాస్‌వేగస్‌లోని బెల్లాజియో కాసినోలో జరిగే ఛాంపియన్‌షిప్‌కైతే 25,000. గెలిచినవాడికి టీవీలో పేర్చి చూపించే నోట్లకట్టలు ఉంటాయే, అవి కూడా ప్రధానంగా ఓడిపోయినవాళ్లు కట్టిన సొమ్మే. వందమంది తలా 10,000 కడితే 10 లక్షల డాలర్లు పోగవుతాయి, దాన్నే పైనున్న కొద్దిమంది పంచుకుంటారు. కాసినో తన ఫీజు వేరే తీసుకుంటుంది. విమానం, హోటల్, తిండి ఎవరి ఖర్చు వాళ్లదే. ఏడాదిలో ఎక్కువ టోర్నమెంట్లలో ఉత్త చేతులతో లేచి రావడమే ఎంత మంచి ఆటగాడికైనా మామూలు విషయం.

అంటే టీవీ షోకి కావలసిన ముడిసరుకు మొత్తం, అంటే మనుషులు, వాళ్ల మొహాలు, వాళ్లు పందెం కాసే డబ్బు, అన్నీ ఆటగాళ్ల జేబులోంచే వస్తున్నాయి. ఇంకోటి కూడా పోతోంది. మూసిన ముక్కలు టీవీలో చూపించినప్పుడు, ఆ ఆటగాడు ఎప్పుడు ముక్కలు లేకపోయినా ఉన్నట్టు బ్లఫ్ చేస్తాడో, ఎప్పుడు నిజంగా ముక్కలున్నా లేనట్టు నటిస్తాడో రేపటి ప్రత్యర్థులందరూ రికార్డు చేసుకుని మళ్లీ మళ్లీ చూడొచ్చు. ఏళ్ల తరబడి దాచుకున్న విద్య అది. దాన్ని కూడా అప్పజెప్పి వస్తున్నారు.

ఇన్ని ఇచ్చాక, కూర్చోబోయే ముందు ఒక కాగితం మీద సంతకం పెట్టమన్నారు.

2006 జులైలో ఏడుగురు ఆటగాళ్లు వరల్డ్ పోకర్ టూర్ కంపెనీ మీద లాస్‌ఏంజెలెస్ ఫెడరల్ కోర్టులో దావా వేశారు. క్రిస్ ఫెర్గూసన్, హోవర్డ్ లెడరర్, ఆయన చెల్లెలు ఆనీ డ్యూక్, ఆండీ బ్లాక్, ఫిల్ గోర్డన్, గ్రెగ్ రేమర్, జో హాకెమ్. ఊరూపేరూ లేనివాళ్లు కాదు. ఫెర్గూసన్ కంప్యూటర్ సైన్స్‌లో డాక్టరేట్ చేసినవాడు, 2000లో పోకర్ ప్రపంచ సిరీస్‌లో ప్రధాన టోర్నమెంట్ అయిన మెయిన్ ఈవెంట్ గెలిచాడు. ఆండీ బ్లాక్ ఎంఐటీలో ఇంజనీరింగ్, హార్వర్డ్‌లో లా చదివాడు. రేమర్ పేటెంట్ లాయరు, 2004లో అదే మెయిన్ ఈవెంట్‌లో 50 లక్షల డాలర్లు గెలిచాడు. ఆ మరుసటి ఏడు ఆస్ట్రేలియా నుంచి వచ్చిన హాకెమ్ 75 లక్షలు గెలిచాడు. వీళ్ల తరఫు లాయరు జెఫ్రీ కెస్లర్, అంతకుముందే అమెరికన్ ఫుట్‌బాల్ ఆటగాళ్ల హక్కుల కోసం వాళ్ల లీగుతో తలపడినవాడు.

ఫిర్యాదులో రెండు ముఖ్యమైన విషయాలున్నాయి. మొదటిది ఆ కాగితం. ఆటగాడి పేరు, ఫోటో, గొంతు అన్నిటినీ కాలపరిమితి లేకుండా, షోకి సంబంధం లేని వస్తువుల అమ్మకానికి కూడా వాడుకునేంత వెడల్పుగా ఆ రాత ఉందన్నది వాళ్ల అభ్యంతరం. రెండోది, పోటీని అణచివేయడం. పెద్ద కాసినోలతో కంపెనీ చేసుకున్న ఒప్పందాల వల్ల అక్కడ వేరే టీవీ టోర్నమెంట్లు జరగకుండా పోతున్నాయని, అందుకే ఆటగాళ్లకి బేరమాడే చోటు లేకుండా పోయిందని ఆరోపించారు. కంపెనీ ఈ ఆరోపణలని ఒప్పుకోలేదు.

మొదటిదాన్ని చాలామంది చిన్న విషయం అనుకున్నారు. కాదు. అప్పటికి రేమర్, హాకెమ్ ఒక ఆన్‌లైన్ పోకర్ సైటుకి ప్రచారకర్తలు. లెడరర్, ఫెర్గూసన్, గోర్డన్, బ్లాక్ ఇంకో సైటుతో కట్టుబడి ఉన్నారు. నీ మొహం మా దగ్గర తప్ప ఇంకెక్కడా కనబడకూడదు అని ఒకరితో ఒప్పందం చేసుకున్న మనిషి, ఇంకొకరికి నా మొహం దేనికైనా వాడుకో అని ఎలా రాసిస్తాడు? 2005లోనే ఆ టూర్ పేరుతో వీడియో గేమ్ కూడా బజార్లోకి వచ్చింది. కాబట్టి వాళ్ల భయం గాల్లోంచి పుట్టింది కాదు.

"ఇష్టం లేకపోతే సంతకం పెట్టొద్దు, ఆడొద్దు, ఎవరు బలవంతం చేశారు?" అన్నది ఈ వాదన మీద వచ్చే మొదటి దెబ్బ. నేనూ ఎడిసన్‌లో ఉన్నప్పుడు మా రూమ్మేట్‌తో అదే అన్నాను. అప్పటికి నాకు పెళ్లి కాలేదు, పిల్లల్లేరు, ఎవరి కాగితం మీదా ఇరుక్కున్న అనుభవం లేదు.

తర్వాత అయింది. మా అమ్మాయికి తొమ్మిదేళ్లప్పుడు ఒక టీవీ పాటల పోటీకి ఎంపికైంది. ఛానల్ పేరు రాయను. ఉదయం ఏడింటికి హైదరాబాద్‌లో స్టూడియో దగ్గరికి రమ్మన్నారు. పట్టు పరికిణీ, జడకుచ్చులు, మొహానికి మేకప్ అన్నీ అయ్యాక, ఇంకో పావుగంటలో షాట్ అనగా ఒకమ్మాయి ప్యాడ్ పట్టుకొచ్చి "సార్, ఇక్కడ సైన్" అంది. నాలుగు పేజీలు. మూడో పేజీలో ఉంది: పాల్గొన్న పిల్లల పేరు, రూపం, గొంతు, జీవిత విశేషాలు, ఇప్పుడున్న, ఇకముందు కనిపెట్టబోయే అన్ని మాధ్యమాల్లో, శాశ్వతంగా, ఏ ప్రయోజనానికైనా. ఆ "ఏ ప్రయోజనానికైనా" దగ్గర నా పెన్ను ఆగింది. ఆ ఒక్క ముక్క కొట్టేసి సంతకం పెడతానన్నాను. ఆ అమ్మాయి ఎవరికో ఫోన్ చేసి మాట్లాడి, "అలా కుదరదంట సార్. ఫార్మాట్ మార్చరంట. వెనకాల ఇంకో పాప రెడీగా ఉంది" అంది. మా అమ్మాయి నా చెయ్యి పట్టుకుని లాగుతోంది. "నాన్నా, నెక్స్ట్ నేనే."

సంతకం పెట్టేశాను.

నన్నెవరూ బలవంతం చేయలేదు. ఆ మాట నిజమే. కానీ ఆ సంతకాన్ని నా ఒప్పుదల అని ఎవరైనా అంటే నాకు కోపం వస్తుంది. కాగితాన్ని ఎప్పుడు చేతికిస్తారు, చదవడానికి ఎంత టైమిస్తారు, ఒక్క పదమైనా మార్చుకోనిస్తారా, కాదంటే వెళ్లడానికి ఇంకో చోటుందా? ఈ నాలుగూ చూడకుండా సంతకం ఉందిగా అని చూపించడం న్యాయం కాదు. పోకర్ ఆటగాళ్ల ఫిర్యాదులో రెండో భాగం ఎందుకంత ముఖ్యమో నాకు ఆ ఉదయం అర్థమైంది. వేరే బల్ల లేనప్పుడు, కూర్చోవాలా వద్దా అన్నది స్వేచ్ఛ కాదు. కేసులో పేరున్న హాకెమే 2006 డిసెంబరులో బెల్లాజియోలో అదే టూర్ టోర్నమెంట్ ఒకటి గెలిచి 20 లక్షల డాలర్లకి పైగా తీసుకెళ్లాడు. ఆ ఆటలో ఒక్క వారం దూరంగా ఉండటం అంటే ఎంత వదులుకోవడమో ఆ ఒక్క అంకె చాలు.

రెండో దెబ్బ ఇంకొంచెం గట్టిది. టీవీయే లేకపోతే వీళ్లెవరికి తెలుసు? ఆ సైట్ల ఒప్పందాలు వచ్చిందీ టీవీ వల్లే కదా? ఇందులో నిజముంది, నేను కాదనను. మాకు లెడరర్ పేరు తెలిసింది ఆ షో వల్లే. షో తీసేవాడికి ఫైనల్ బల్లని ఎడిట్ చేసుకుని, వేసి, మళ్లీ మళ్లీ వేసుకుని, రాబోయే ఎపిసోడ్ ప్రకటనలో చూపించుకునే హక్కు ఉండాలి. ప్రతి రీ-టెలికాస్ట్‌కీ వందమంది దగ్గరికి వెళ్లి సంతకాలు తెచ్చుకోమంటే ఏ షో నడవదు. కానీ అది ఆటని చూపించే హక్కు. ఆడినవాడి బొమ్మ వేసి సరుకు అమ్ముకోవడం ఇంకో హక్కు. పేరు తెచ్చిపెట్టారు కాబట్టి మనిషి మీద పట్టా వాళ్లదే అంటే, చదువు చెప్పిన బడి మన జీతంలో వాటా అడిగినట్టుంటుంది.

ఈ తేడాని అమెరికా కోర్టులు ఎప్పుడో గుర్తించాయి. 1953లో రెండు బబుల్‌గమ్ కంపెనీలు బేస్‌బాల్ ఆటగాళ్ల ఫోటో కార్డుల మీద కొట్లాడుకున్నాయి. అప్పుడే జడ్జి జెరోమ్ ఫ్రాంక్, తన ఫోటో వల్ల వచ్చే ప్రచార విలువ మీద మనిషికి ఒక హక్కుందని, దానికి పేరు పెట్టి మరీ చెప్పాడు. 1977లో ఇంకా విచిత్రమైన కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. ఫిరంగిలోంచి మనిషిని గాల్లోకి పేల్చే సర్కస్ ఫీటు ఉంటుందే, అది చేసే హ్యూగో జాకినీ ఒహాయోలో ఒక తిరనాళ్లలో ప్రదర్శన ఇచ్చాడు. వద్దన్నా వినకుండా ఒక టీవీ విలేఖరి దాన్ని తీసి వార్తల్లో వేశాడు. మొత్తం పదిహేను సెకన్లు. కానీ జాకినీ ఆటే అంత. ఆ పదిహేను సెకన్లు టీవీలో చూసేసినవాడు టికెట్ ఎందుకు కొంటాడు? అయిదుగురు జడ్జీలు ఒకవైపు, నలుగురు ఒకవైపు. జాకినీయే గెలిచాడు.

ఆటగాళ్లలో కూడా ఇది పోకర్‌తో ఆగలేదు. అమెరికాలో కాలేజీ బాస్కెట్‌బాల్ ఆడిన ఎడ్ ఒబానన్, ఏళ్ల తర్వాత ఒక వీడియో గేమ్‌లో తన ఒడ్డూపొడుగుతో, తన నంబరుతో, తనలాగే ఎడమచేత్తో షాట్లు కొట్టే బొమ్మని చూశాడు. ఒక్క డాలరూ రాలేదు, ఎవరూ అడగలేదు. ఆయన వేసిన కేసులో 2014లో కోర్టు కాలేజీ క్రీడల సంఘానికి వ్యతిరేకంగా తీర్పిచ్చింది. అంతకుముందు మన దగ్గరే 2002లో, ఛాంపియన్స్ ట్రోఫీ ముందు భారత క్రికెటర్లు ఐసీసీ ఒప్పందం మీద సంతకాలు చేయమని మొరాయించారు. ఐసీసీ తన టోర్నమెంట్ల వాణిజ్య హక్కులని 55 కోట్ల డాలర్లకి అమ్ముకుంది. కొన్న కంపెనీకోసం, అధికారిక స్పాన్సర్లకి పోటీగా ఉన్న సొంత ప్రకటనలు ఆటగాళ్లు ఆపుకోవాలంది. అప్పుడు మన పేపర్లలో కొంతమంది "డబ్బు పిచ్చి" అని రాశారు. నాకు అప్పుడూ అది నచ్చలేదు. ఆటగాడి సొంత ఒప్పందాన్ని పక్కనపెట్టి అతని మొహాన్ని ఇంకొకరికి అమ్మేసినవాళ్లకి డబ్బు పిచ్చి లేదు, అడిగినవాడికి ఉందా?

పేకాటగాళ్ల కష్టం గురించి ఇంత బాధేంటి అని అనేవాళ్లుంటారని తెలుసు. మన ఊళ్లలో పేకాట అంటే పోలీసు రైడు, అప్పులు, ఇల్లు తాకట్టు. మా పెదనాన్న పొలం సగం అలాగే పోయింది, కాబట్టి నేను ఆ ఆటని నెత్తిన పెట్టుకోను. రమ్మీలో నైపుణ్యమే ప్రధానమని 1968లో సుప్రీంకోర్టు చెప్పింది కూడా సికింద్రాబాద్ క్లబ్బు కేసులోనే. తర్వాత తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో ఆన్‌లైన్ పందేలని నిషేధించాయి. ఆ చర్చ వేరే. ఆట మంచిదా చెడ్డదా అన్నదానికీ, ఆడిన మనిషి మొహం ఎవరిదన్నదానికీ సంబంధం లేదు.

ఇంకో చేదు నిజం కూడా దాచకుండా చెప్పాలి. ఆ ఏడుగురిలో లెడరర్, ఫెర్గూసన్ తమ ఆన్‌లైన్ సైటు యజమానుల్లో ఉన్నారు. 2011 ఏప్రిల్ 15న అమెరికా ప్రభుత్వం పెద్ద సైట్లని మూయించింది. ఆ సెప్టెంబరులో ప్రాసిక్యూటర్లు వీళ్లిద్దరి పేర్లూ చేర్చి, మామూలు ఆటగాళ్లు దాచుకున్న డబ్బుని యజమానులు పంచుకున్నారని ఆరోపించారు. తప్పు ఒప్పుకోకుండానే తర్వాత ఇద్దరూ రాజీ చేసుకున్నారు. అయిదేళ్ల ముందు ఆటగాళ్ల హక్కుల కోసం కోర్టుకెక్కినవాళ్ల మీదే ఆటగాళ్ల డబ్బు విషయంలో ఆ ఆరోపణ రావడం నాకు నిజంగా బాధ కలిగించింది. అయినా 2006లో వాళ్లడిగింది తప్పు కాదు. అడిగినవాడి నడత చూసి హక్కులు కొలిస్తే, రేపు అడగబోయే మా అమ్మాయిలాంటివాళ్లకి మిగిలేదేమీ ఉండదు.

ఆ కేసు తీర్పు దాకా వెళ్లలేదు. 2008 ఏప్రిల్‌లో రాజీ కుదిరింది. ఆ కాగితాన్ని మార్చి, ఆటగాడి పేరూ ఫోటో ఎంతవరకు వాడుకోవచ్చో హద్దులు పెట్టి కొత్తది రాశారు. నాకు అన్నిటికంటే నచ్చింది, ఆ కొత్త కాగితం కేసు వేసినవాళ్లకి మాత్రమే కాదు, ఆ టూర్‌లో ఆడే అందరికీ అన్నది. ఒక్కసారి డబ్బు పోగేసుకుని టీవీ బల్ల దాకా వచ్చిన అనామకుడికి కూడా ఆ హద్దు వర్తిస్తుంది. వాడికి కెస్లర్‌ని పెట్టుకునే స్తోమత ఉండదు.

మన దగ్గర ఇప్పటిదాకా జరిగింది దానికి తలకిందులు. 2025 సెప్టెంబరులో నాగార్జున గారు ఢిల్లీ హైకోర్టు నుంచి, చిరంజీవి గారు హైదరాబాద్ సిటీ సివిల్ కోర్టు నుంచి తమ పేరు, రూపం ఇతరులు వాడుకోకుండా ఉత్తర్వులు తెచ్చుకున్నారు. మంచిదే, తెచ్చుకోవాలి. ఏఐతో మొహాన్నీ గొంతునీ నిమిషంలో తయారు చేస్తున్న రోజులివి. కానీ ఆ ఉత్తర్వు ఆ ఒక్క మనిషికే. పాటల పోటీకి వచ్చిన పిల్లకి, డాన్సు షోలో ఏడ్చిన కుర్రాడికి, ఫ్లెక్సీ మీదికెక్కిన పెళ్లికూతురికి ఏముంది? "ఇకముందు కనిపెట్టబోయే అన్ని మాధ్యమాల్లో" అన్న ఆ లైను కింద రేపు మా అమ్మాయి గొంతుని ఒక మెషిన్‌కి నేర్పించి, తను పాడని పాట తన గొంతుతో పాడించరని ఎవరు హామీ ఇస్తారు?

ఛానళ్లవాళ్లని నేను అడిగేది పెద్దదేం కాదు. కాగితం షూటింగ్ రోజు కాకుండా వారం ముందు పంపండి. తెలుగులో పంపండి. షో వేయడానికి ఒక సంతకం, షో కానిదానికి ఇంకో సంతకం తీసుకోండి, రెండోది పెట్టకపోయినా పాడనివ్వండి. పిల్లల విషయంలో అయితే, వాళ్లకి పద్దెనిమిదేళ్లు నిండాక మళ్లీ వాళ్లనే అడగండి.

మా అక్క ఫ్లెక్సీ రెండు ఎండాకాలాలు అలాగే ఉంది. ఎరుపంతా ముందు పోయింది, తర్వాత మొహం. మా అమ్మాయికి ఇప్పుడు పదిహేనేళ్లు. రెండో రౌండ్‌లో ఎలిమినేట్ అయి, మేకప్ చెరిగేలా ఏడ్చిన ఆ పదకొండు సెకన్ల క్లిప్ మొన్న ఎవరో స్కూల్లో చూపించారట. ఇంటికొచ్చి, "తీసేయమని చెప్పొచ్చా నాన్నా?" అని అడిగింది. ఏం సంతకం పెట్టానో ముందు మళ్లీ చదవాలి. నాకు ఆ రోజు నకలు ఇవ్వలేదు. ఇవ్వమని పోయిన నెలలో స్పీడ్ పోస్టులో ఉత్తరం పంపాను, అందినట్టు రసీదు మాత్రం వచ్చింది.